చలికాలానికి కట్టుకున్న చావిళ్లు



అయ్యవారి జ్ఞాపకంగా ఏటా ఒక ఉపన్యాసం పెట్టించాలని అనుకున్నప్పుడు, ఆహ్వానపత్రంలో ఆయన పేరు ఎలా వేయాలన్న దగ్గర కాసేపు ఆగిపోయాం. ఇంటిపేరుతో ఆయనను పిలిచినవాళ్లు మనలో ఎవరూ లేరు. సంజామలలో ఎంతోమంది అయ్యవార్లు పనిచేశారు గానీ, ఉత్త ‘అయ్యవారు’ అంటే మాత్రం హార్మోనియం అయ్యవారే. అందుకే పత్రంలో అలాగే వేశాం. ఈ సాయంత్రం నేనూ అలాగే పిలుస్తాను.

కార్తీక పున్నమి వెళ్లిన రెండు మూడు రోజులకు ఆయన ఊళ్లో దిగేవారు. బండిలో హార్మోనియం పెట్టె, పెట్టె చుట్టూ గొంగడి. దారి పొడుగునా చలికి తాను వణికినా గొంగడి మాత్రం పెట్టెకే కప్పేవారు. శివరాత్రి జాగారం అయిపోయిన మరునాడు మళ్లీ బండెక్కేవారు. తక్కిన నెలలు ఆయన ఎక్కడ ఉంటారో పిల్లలం మాకు తెలియదు. మా లెక్కలో అయ్యవారు చలితో వచ్చి చలితో పోయే మనిషి. ఆ మూడు నెలల్లో ఆయన కూర్చున్న చోట్లు, పాడించిన చోట్లు, ఆడించిన చోట్లు ఉన్నాయే, ఈ పూట వాటి గురించి మాట్లాడతాను. మనుషుల గురించి చాలాసార్లు చెప్పుకున్నాం. ఇప్పుడు గోడల గురించి, కప్పుల గురించి చెప్పుకుందాం.

ఈ ఆలోచన నాకు దూరం నుంచి వచ్చింది. మా అక్క కొడుకు కెనడాలో, సస్కాచివాన్ అనే ప్రావిన్సులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి నేలను ప్రైరీ అంటారు. చెట్టూ పుట్టా అడ్డం లేకుండా చూపు ఆనినంత మేర చదును నేల, గోధుమ పైరు. అంటే మన రేనాడు లాంటిదే, చలి మాత్రం ప్రాణాలు తీసే చలి. అక్కడి చిన్న ఊళ్లలో మంచు మీద జారే ఆటల కోసం పెద్ద పెద్ద కొట్టాలు కట్టుకుంటారట. వాటిని రింకులంటారు. చలి ముదిరాక రాత్రిళ్లు నేల మీద నీళ్లు పారించి గడ్డ కట్టిస్తారు. పొద్దున్నే పిల్లలు దాని మీద ఆడతారు. పెద్దవాళ్లు కర్లింగు అనే ఆట ఆడతారు, నున్నటి రాతిగుండును మంచు మీద జారవిడిచి గురి చూసే ఆట. ఆ గుండు ఒక్కొక్కటి 17 నుంచి 20 కిలోల దాకా తూగుతుంది. ఆ రాయి స్కాట్లాండు దగ్గరి ఏల్సా క్రెయిగ్ అనే చిన్న దీవిలోంచి రావాలి, అదే మేలు జాతి. 2001లో సస్కాచివాన్ ఈ ఆటను తమ ప్రావిన్సు ఆటగా ప్రకటించుకుంది.

ఇవన్నీ వాడు ఫోనులో చెబుతుంటే వింతగా విన్నాను. నన్ను కదిలించింది ఇంకొకటి. 1905లో ఏర్పడిన ఆ ప్రావిన్సు 1980లో 75 ఏళ్ల పండుగ చేసుకుంది. అప్పుడు ఊరూరా జనం తమ ఊరి చరిత్ర తామే రాసి పుస్తకాలు వేసుకున్నారు. వాటిలో ఒకదాని పుటలు మా వాడు ఫొటోలు తీసి పంపాడు. ఊరికి గుడి ఎప్పుడు కట్టారు, బడి ఎప్పుడు కట్టారు అన్నదానితో సమానంగా రింకు గురించి రాసుకున్నారు. ఎవరి కలప, ఎవరి మేకులు, ఎవరెన్ని రోజులు వచ్చి పనిచేశారు, అన్నీ ఉన్నాయి. ఆట కోసం కట్టిన కొట్టానికి అంత మర్యాద. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం అప్పుడున్న కర్నూలు జిల్లాకు 1886లోనే నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారు రాసిన మాన్యువల్ ఉంది. పక్కనే ఉన్న నొస్సం కోట గురించి, 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి, 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరి తీయడం గురించి మనకు పుస్తకాలున్నాయి, పాటలున్నాయి. మరి ఆ పాటలు మనం ఏ కప్పు కింద కూర్చుని విన్నాం? ఆ కప్పు ఎవరు వేశారు? ఒక్క పుటైనా ఉందా?

లేదు. అందుకే నాకు తెలిసింది చెబుతాను.

ముందు మన చలికాలం సంగతి. ప్రైరీలో మంచు పడేలోపే పంట ఇంటికి చేరుతుంది, చలికాలమంతా నేల నిద్రపోతుంది. మనది అట్లా కాదు. మన నల్లరేగడిలో వానలకు కాలు పెడితే మోకాలు దాకా దిగబడుతుంది. వానలు వెనకపట్టాకే విత్తుతాం. జొన్న చలిలోనే పెరిగి, చలిలోనే కంకి వేసి, మంచు తాగి గింజ గట్టిపడుతుంది. విత్తడం అయ్యాక కోతల దాకా పగలు పని ఉంటుంది గానీ రాత్రి ఖాళీ. పొద్దు గూకడమే తొందరగా గూకుతుంది. సంగటి తిని దీపం ఆర్పితే తెల్లవారేసరికి పదకొండు గంటల చీకటి. అంత చీకటిని మనిషి ఒంటరిగా మోయలేడు. నలుగురూ ఒకచోట చేరాలి. చేరాలంటే గోడ కావాలి, కప్పు కావాలి. మన ఊళ్లలో చావిడి పుట్టింది అక్కడినుంచే అని నా నమ్మకం. పెద్దల సభలకు కూడా మనవాళ్లు ఈ కాలాన్నే ఎంచుకున్నారు. మన ప్రాంతానికి ‘రాయలసీమ’ అన్న పేరు చిలుకూరి నారాయణరావు గారు ప్రతిపాదించింది 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లోనే.

అన్నిటికంటే చిన్న కట్టడంతో మొదలుపెడతాను. మంచె. నాలుగు గుంజలు, మీద నాలుగు అడ్డకర్రలు, సొప్ప పరిచిన నేల, సొప్పతోనే వంచిన కప్పు. జొన్న పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోతదాకా పిట్టల కాపలా. పగలు ఒడిసెల, రాత్రి పందుల కోసం కేకలు. మంచెను కట్టడం అంటే నవ్వుతారేమో. కానీ మా జేజినాయన పాటలన్నీ నేర్చుకున్నది మంచె మీదే. ఈ మంచె మీద ఒకరు చరణం ఎత్తుకుంటే ఆ చేలోని మంచె మీద ఇంకొకరు అందుకునేవారట. మంచులో గొంతు ఎంత దూరం పోతుందో బయట పడుకున్నవాళ్లకే తెలుసు. కింద మంటలో పచ్చి జొన్నకంకులు కాల్చి, గొంగట్లో వేసి నలిచి, ఊదుకుంటూ తినే ఊచబియ్యం. ఆ వేడి, ఆ తీపి చెప్పి చూపించేవి కావు.

మంచె ఎందుకు పోయిందో సరిగ్గా చెప్పగలను. సినిమా వల్ల పోలేదు, టీవీ వల్ల పోలేదు. శనగ వల్ల పోయింది. పటాన్‌చెరు ఇక్రిశాట్, మన వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ 11 రకం 1999లో విడుదలైంది. మూడు నెలల పైచిలుకులో చేతికొచ్చే పంట, ధర ఉన్న పంట. కొన్నేళ్లలోనే రేగడి అంతా శనగ అయింది. శనగ మోకాలెత్తు ఉండదు, జొన్నకంకిలా పిట్టలను పిలవదు. కాపలా లేనప్పుడు మంచె ఎందుకు? రైతును తప్పు పట్టడానికి లేదు, జొన్నతో అప్పులు తీరలేదు. కానీ పైరు మారితే పాట ఉండే చోటు కూడా మారిపోతుందని మనం ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

ఇక భజనగుడి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, మన్నించండి.

భజనగుడిని మనం గుడి అంటాం. లోపల రాములవారి పటమో, ఆంజనేయస్వామి రాతిరూపమో ఉంటుంది. కానీ ఆ ఇంటిని ఒకసారి కొలిచి చూడండి. దేవుడికి ఇచ్చింది గోడలో ఒక గూడు, ఒక మూర గట్టు. తక్కినదంతా మనుషుల అడుగులకు ఇచ్చారు. నడుమ స్తంభం ఉండదు. ఆ వెడల్పుకు స్తంభం లేకుండా దూలం వేయాలంటే మంచి కలప కావాలి, ఖర్చు ఎక్కువ. అయినా స్తంభం పెట్టలేదు. ఎందుకంటే నడుమ తిరగాలి. వాకిలి తల వంచి దూరేంత పొట్టి, కప్పు మాత్రం ఎత్తు. చెక్కభజనలో చేయి పైకెత్తి చెక్కలు కొడితే దంతెలకు తగలకూడదు కదా. మా వీధి గుడికి ఉత్తరపు గోడలో కిటికీ లేదు, చలిగాలి అటునుంచే కొడుతుంది. గాలీ వెలుతురూ మిద్దె మీది గవాచిలోంచే. అంటే ఆ ఇంటిని కట్టిన మేస్త్రీ మనసులో పూజ కంటే ముందు ఆట ఉంది. చలికాలపు ఆట ఉంది. దీన్ని దేవుడికి తక్కువ చేయడం అనుకోకండి. ఆడించడానికి పిలిచిన దేవుడు కాబట్టే ఆయనకు ఆ గూడు చాలింది.

గోడలు రాయీ మట్టీ. కప్పు మీద దంతెలు, వాటి మీద నాపబండలు, పైన మట్టి, ఆ పైన చౌడు. కొలిమిగుండ్ల, అవుకు, బేతంచెర్ల వైపు గనుల నుంచి నాపరాయి మన ఊళ్లకు బండ్ల మీద వచ్చేది. దూలం ఒకరిది, బండి ఒకరిది, ఎద్దులు ఇంకొకరివి. డబ్బు ఇవ్వలేనివాళ్లు సున్నం నూరారు. ఇట్లా కట్టిన ఇంటికి దస్తావేజు ఉండదు. అందుకే రేపు ఎవరైనా కూల్చేస్తామంటే అడ్డం చెప్పడానికి మన దగ్గర కాగితం లేదు.

చెక్కభజన నేర్పడానికి అయ్యవారు మార్గశిరంలో మొదలుపెట్టేవారు. రాత్రి సంగటి అయ్యాక పదహారుమంది, కొన్నేళ్లు పన్నెండుమంది, వరుసగా లోపలికి. మొదటి పది రోజులు చెక్కలు చేతికి ఇచ్చేవారు కాదు. ఉత్త అడుగులే. ‘కాలికి పాట వచ్చేదాకా చేతికి చెక్కెందుకు నాయనా’ అనేవారు. ఆ తర్వాత గజ్జెలు, ఆ తర్వాత చెక్కలు. నేర్చుకోవడం అంతా లోపల, గజ్జెపూజ అయ్యాక ఆడేది బయట, ఊరందరి ముందు. అయ్యవారు నడుమ నిలబడేవారు. చుట్టూ వలయంగా మేము. తప్పు అడుగు పడితే ఆయన తిట్టేవారు కాదు, పాట ఆపేవారు. ఆ నిశ్శబ్దం తిట్టు కంటే గట్టిగా తగిలేది. ధనుర్మాసం వచ్చిందంటే ఇంకొక పూట కలిసేది. తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, తాళాలు పట్టుకుని ఊరు చుట్టి వచ్చి, గుడి ముందు మంట దగ్గర ఆకులో వేడి పొంగలి తినడం. చలి లేకపోతే ఆ పొంగలికి ఆ రుచి లేదు.

గుడి ముందు ఇప్పటికీ ఒక గుండ్రాయి ఉంది. చూసే ఉంటారు, దాని మీద కూర్చుని సెల్లు చూసుకుంటుంటారు. అది కూర్చోవడానికి పెట్టిన రాయి కాదు. ఎత్తడానికి పెట్టింది. మోకాలి దాకా ఎత్తినవాడు, రొమ్ము దాకా ఎత్తినవాడు, భుజం మీదుగా వెనక్కి వేసినవాడు అని అంతస్తులుండేవి. ఏల్సా క్రెయిగ్ నుంచి రాయి తెప్పించుకుని మంచు మీద జారవిడిచే ఊరికీ, వంకలోంచి రాయి దొర్లించుకొచ్చి భుజానికెత్తే ఊరికీ నాకు పెద్ద తేడా కనిపించదు. చలికి ఒళ్లు బిగుసుకుపోయే కాలంలో ఒళ్లు కదిలించడానికి ఇద్దరూ రాయినే పట్టుకున్నారు.

భజనగుడికి నాలుగు అడుగుల దూరంలో పీర్ల చావిడి. దీని లెక్క వేరు. మొహర్రం చాంద్రమానంలో నడుస్తుంది, ఏడాదికి దాదాపు పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. సుమారు ముప్పైమూడేళ్లకు ఒకసారి అదే కాలానికి తిరిగి వస్తుంది. 1975లోనూ 1976లోనూ పీర్ల పండుగ జనవరిలో వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ రెండేళ్లు గుండం చుట్టూ ఆడిన ఆట నాకు ఇప్పటికీ వెచ్చగా గుర్తుంది, ఎందుకంటే ఒకవైపు మంట, ఇంకొకవైపు వీపు కొరికే చలి. పీర్లను ఎత్తుకునే ఇళ్లలో హిందువులూ ఉన్నారు, తురకలూ ఉన్నారు. సుద్ద పూసిన ఆ చిన్న గదికి ఏడాదంతా తాళమే. పది రోజులు మాత్రం ఊరంతా దానిదే. మళ్లీ 2008 జనవరిలో ఆ పండుగ చలికి తిరిగొచ్చింది. అప్పటికి గుండం ఉంది, పీర్లున్నాయి, చుట్టూ తిరిగి ఆడే కుర్రవాళ్లు సగమయ్యారు. ఇంకొకసారి చలికాలంలో పీర్ల పండుగ చూడాలంటే 2040 దగ్గరపడాలి. అప్పటిదాకా ఆ చావిడి కప్పు నిలుస్తుందా అన్నది మన చేతుల్లో ఉంది.

ఆళ్లగడ్డ వైపు వాళ్లకు మనకు లేని భాగ్యం ఒకటుంది. అహోబిలం పారువేట. మా పిన్నమ్మది ఆళ్లగడ్డ దగ్గరి పల్లె కాబట్టి చిన్నప్పుడు నేను రెండు మూడుసార్లు చూశాను. కనుమ నాడు జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి పల్లకిలో అహోబిలం నుంచి బయల్దేరి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యేలోగా తిరిగి వెళతారు. నలభై రోజులకు పైగా, మూడు పదుల పైచిలుకు పల్లెలు. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామి జనాన్ని తానే ఇల్లిల్లూ తిరిగి పిలుచుకుంటాడని అక్కడివాళ్లు చెబుతారు. ప్రతి ఊళ్లో పల్లకి దించడానికి ఒక అరుగుంటుంది. దాన్ని ‘తెలుపు’ అంటారు. ఏడాదిలో ఒక్కరోజో రెండురోజులో మాత్రమే దాని మీద దేవుడుంటాడు. తక్కిన రోజులు ఎండకూ వానకూ ఖాళీగా ఉంటుంది. అయినా ఎవరూ దాన్ని కదిలించరు, దాని మీద గడ్డివామి వేయరు. పల్లకి వచ్చిన రోజు అది తిరునాళ్లకు నడిబొడ్డు. ఆడపిల్లలను పుట్టింటికి పిలిపించుకుంటారు, కొత్త బట్టలు పెట్టుకుంటారు. సంక్రాంతి కంటే పారువేట పెద్దదని మా పిన్నమ్మ అనేది. ఖాళీగా ఉన్న అరుగును ఏడాది పొడుగునా కాపాడుకునే ఆ పద్ధతి చూసి నేర్చుకోవాల్సింది మనకు చాలా ఉంది.

ఇప్పుడు నాటకం. మన సీమకు నాటకం కొత్తది కాదు. కడప జిల్లా సొరుగు గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సమాజమే సురభి. ఆ ఊరి పేరే సురభి అయింది. ఆ మరుసటి ఏడు బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరసవినోదినీ సభ పెట్టారు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారు దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఈ పెద్దల నీడ మన పల్లెల దాకా పడింది. మా ఊళ్లో మాత్రం రంగస్థలం ఏ ఏటికి ఆ ఏడు పుట్టి ఆ ఏడే పోయేది. నాలుగు బండ్లు వరుసగా నిలిపి, నొగలు దించి, మీద పలకలు పరిస్తే అదే స్టేజీ. సీను తెరలు అద్దెకు. రెండు పెట్రోమాక్సు లైట్లు. అయ్యవారు కార్తీకం నుంచి మాఘం దాకా పార్టులు చెప్పేవారు. చదువు రానివాళ్లకు పద్యం ముక్కముక్కగా నోటికి ఎక్కించేవారు. పగలంతా గుంటక తోలి వచ్చినవాడు రాత్రి భజనగుడిలో కృష్ణుడి పార్టు చదువుతూ నిద్రలోకి జారితే, హార్మోనియం మీద ఒక్కసారి గట్టిగా పట్టేవారు. ఆ మెట్టు ఏదో నాకు ఇప్పటికీ తెలుసు.

అదే చలిలో, దీపావళి దాటాక, డేరా సినిమా వచ్చేది. వానల్లో రేగడి దారుల మీద సామాన్ల బండి నడవదు, అందుకని నేల ఆరితేనే టూరింగు టాకీసు. దక్షిణాదిలో డేరా సినిమాకు ఆద్యుడు స్వామికన్ను విన్సెంటు. 1905లో ప్రొజెక్టరు కొని ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మన రఘుపతి వెంకయ్య గారు మద్రాసులో బొమ్మలు చూపించారు, గెయిటీ హాలు కట్టారు. ఆ ఇద్దరి సంతతే మా కంది చేను పక్కన గుడారం వేసింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రభుత్వ కార్యాలయాలే గుడారాల్లో నడిచాయని మా నాయన చెప్పేవాడు. ఆ ఆంధ్ర రాష్ట్రమే 1955లో సినిమాల నియంత్రణ చట్టం చేసింది. పక్కా హాళ్లకు ఒక లైసెన్సు, తిరిగే డేరాలకు వేరే తాత్కాలిక లైసెన్సు.

సాయంత్రం ఘంటసాల ‘నమో వెంకటేశా’ రికార్డు మైకులో వినిపించిందంటే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. లోపల మూడు తరగతులు, నేల, బెంచీ, కుర్చీ. నేలకు వంక ఇసుక తోలించేవారు. పొద్దున ఆరిన ఇసుక రాత్రికి మంచులా చల్లబడేది. గోనెసంచి తీసుకుపోయినవాడు దొర. నేను ఆపరేటరు పక్కనే నిలబడే చోటు సంపాదించాను, బీడీలు తెచ్చిపెట్టి. ప్రొజెక్టరు లోపల రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి కొసల మధ్య సన్నటి సందులో వెలుగు పుడుతుంది. కాలుతున్నకొద్దీ కడ్డీ తరుగుతుంది, సందు పెరుగుతుంది, తెర మీద బొమ్మ మసకబారుతుంది. ఆపరేటరు నల్ల అద్దంలోంచి చూస్తూ మరను కొంచెం తిప్పి సందు దగ్గర చేస్తాడు. బొమ్మ మళ్లీ వెలుగుతుంది. ‘మాయాబజార్’ చూస్తున్నంతసేపూ నేను తెరను చూసింది సగమే, తక్కిన సగం ఆ వేళ్లనే చూశాను. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. ఆగినప్పుడల్లా జనం వెనక్కి తిరిగి ఒకరినొకరు చూసుకునేవారు, శనక్కాయలు పంచుకునేవారు.

అలా వెనక్కి తిరిగి చూసినప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. భజనగుడిలో మేము వలయంగా నిలబడితే ఆ వలయంలో మాలవాళ్లు లేరు, మాదిగవాళ్లు లేరు. వాళ్ల భజన వాళ్ల వీధిలో, వాళ్ల కొట్టంలో. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లోనే వచ్చింది. భజనగుడి వాకిలి దాకా అది రావడానికి చాలా చలికాలాలు పట్టింది. అయ్యవారు రెండు చోట్లా నేర్పారు, అది నిజం. ముందు రాత్రి ఇక్కడ, తర్వాత రాత్రి అక్కడ. రెండు వలయాలనూ కలపమని మమ్మల్ని అడగలేదు, మేమూ ఆయనను అడగలేదు. డేరాలో మాత్రం నేల టిక్కెట్టు కొన్నవాళ్లందరూ అదే ఇసుక మీద మోకాళ్లు తగులుతూ కూర్చున్నారు. మా ఊళ్లో అందరూ ఒక్క కప్పు కింద కూర్చున్నది మొదట ఆ గుడ్డ కప్పు కిందే. ఇది చెప్పకుండా భజనగుడిని పొగడటం నాకు చేతకాదు.

ఆడవాళ్ల మాట కూడా చెప్పాలి. డేరాకు వాళ్లు వచ్చారు, పిల్లలను చంకనేసుకుని. పీర్ల చావిడి ముందు నిలబడ్డారు. భజనగుడి లోపల వాళ్లకు చోటు వాకిలి దాకానే. వాళ్ల చలికాలపు చావిడి విసుర్రాయి ఉన్న చోటు. మా ఇంట్లో అది పశువుల కొట్టం పక్కన మూడు గోడల గది. కోడి కూయకముందే జేజి, అమ్మ, పక్కింటి అత్త ఎదురెదురుగా కూర్చుని జొన్నలు విసురుతూ పాడేవారు. పశువుల ఊపిరి వేడి ఆ గదికి పొయ్యి. మేము నిద్రలో విన్న పాటలు అవి. పిండి మిల్లు వచ్చినప్పుడు అమ్మ చేతులు హాయిపడ్డాయి, ఆ గదిలో ఎరువు బస్తాలు వేశాం. ఆ పాటల్లో నాకు పూర్తిగా వచ్చింది ఒక్కటీ లేదు.

తర్వాతి సంగతి మీకందరికీ తెలుసు కాబట్టి తొందరగా దాటేస్తాను. 1987 జనవరి 25 ఆదివారం దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. ఊళ్లో ఉన్న కొద్ది టీవీల ముందు అందరం చెప్పులు విడిచి కూర్చున్నాం. అదీ చలికాలపు కూటమే, అది కొంతకాలమే నిలిచింది. ఇంటింటికీ టీవీ వచ్చాక ఎవరి గోడలు వాళ్లవి. డేరా వాడు రావడం మానేశాడు. 2016 ఆగస్టులో నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం పూర్తయింది, 123 కిలోమీటర్ల ఆ దారిలో మన సంజామలకూ స్టేషను వచ్చింది. రైలు కోసం ఎన్నేళ్లు ఎదురుచూశామో! ఇప్పుడు పిల్లలు నంద్యాలకో ప్రొద్దుటూరుకో పోయి సినిమా చూసి వస్తారు. మంచిదే.

నా బాధ ఒక్కటే. కొన్నేళ్ల కిందట పక్క ఊళ్లో ఒక భజనగుడిని రోడ్డు వెడల్పు చేయడానికి కూల్చారు. కొత్తది కాంక్రీటుతో, టైల్సుతో, నడుమ నాలుగు స్తంభాలతో కట్టారు. చాలా శుభ్రంగా ఉంది. చెక్కభజన బృందం లోపల తిరగబోతే స్తంభాలు అడ్డం వచ్చాయి. ఎవరికీ దురుద్దేశం లేదు. పాతది ఎందుకట్లా కట్టారో తెలిసినవాళ్లు ఆ రోజు అక్కడ లేరు, రాసిపెట్టిన కాగితమూ లేదు. సస్కాచివాన్ ఊళ్లకు ఉన్న పుస్తకం మనకు లేకపోవడం అంటే ఇదే.

అందుకని ఈ ఉపన్యాసం కోసం మాట్లాడటంతో సరిపెట్టకూడదనుకున్నాను. పోయిన ఆదివారం హైస్కూలు పిల్లలు ఐదుగురిని వెంటబెట్టుకుని మా వీధి భజనగుడికి పోయాను. టేపు, సుద్దముక్క, నోటుపుస్తకం. గోడలు కొలిచాం, కప్పు ఎత్తు కొలిచాం, దంతెలు లెక్కపెట్టాం. పెట్రోమాక్సు వేలాడదీసిన ఇనుప కొక్కెం ఇంకా ఉంది, దాని పైన బండ మీద గుండ్రంగా మసి. తర్వాత చీపురుతో నేల ఊడ్చి, నీళ్లు చల్లాం. నాపబండ తడిస్తే దాని మీది అరుగుదల కనిపిస్తుంది. గోడకు రెండడుగుల లోపల, చుట్టూ ఒక పట్టీలాగా బండలు నున్నగా, నల్లగా, అద్దంలా మెరిశాయి. ఎన్ని వందల రాత్రులు, ఎన్ని తరాల వట్టి పాదాలో. పిల్లలు ఆ పట్టీ మీద చెయ్యి పెట్టి తడుముతూ చుట్టూ పాకారు.

వాళ్లలో ఒక పాప నడుమకు పోయి కూర్చుంది. అక్కడ ఒక్క బండ మాత్రం గరుకుగా, గని నుంచి తెచ్చిన నాటి ఉలి గాట్లతో అట్లాగే ఉంది. ‘సార్, ఇది మాత్రం ఎందుకు అరగలేదు?’ అని అడిగింది. అక్కడ నిలబడే మనిషి కాలు కదిపేవాడు కాదమ్మా, పాడేవాడు, అని చెప్పాను. ఆ పాప నోటుపుస్తకంలో పెద్ద వలయం గీసి, నడుమ ఒక చదరం గీసి, అందులో ‘అరగలేదు’ అని రాసుకుంది. తర్వాత తన చెప్పులు తీసి వాకిలి బయట పెట్టి వచ్చి, ఆ బండ మీద నిలబడింది.